రసాయనం నీటిలో తేలిగ్గా జీవ విచ్ఛిన్నం అవుతుందా? ఓఈసీడీ 301 పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పరీక్ష ఏ విషయం తేలుస్తుంది?

కాలువలోకో చెరువులోకో చేరిన ఒక సేంద్రియ రసాయనాన్ని అక్కడి సూక్ష్మజీవులు త్వరగా, పూర్తిగా తినేయగలవా అన్నది తేలుస్తుంది. దీనికి ఆధారం ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 1992 జూలై 17న ఆమోదించిన 301వ మార్గదర్శకం. ఆ రసాయనం తప్ప వేరే ఆహారం లేని లవణాల ద్రావణంలో కొద్దిపాటి సూక్ష్మజీవులను వేసి, 22 డిగ్రీల దగ్గర, చీకట్లో గానీ మసక వెలుతురులో గానీ 28 రోజులు ఉంచుతారు. ఈలోపు ఎంత ఆక్సిజన్ ఖర్చయింది, ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడింది, లేదా నీటిలో కరిగివున్న సేంద్రియ కార్బన్ ఎంత తగ్గింది అని కొలుస్తారు.

ఇక్కడ చూసేది రసాయనం కనిపించకుండా పోయిందా అని కాదు. అణువు ఒక్కచోట తెగినా చాలు, హెచ్‌పీఎల్‌సీలో (రసాయనాలను వేరుచేసి కొలిచే పరికరంలో) దాని పీక్ మాయమవుతుంది. తెగిన ముక్క అసలుకన్నా మొండిది కావచ్చు, విషపూరితమూ కావచ్చు. అణువంతా కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా, కొత్త సూక్ష్మజీవుల శరీరాలుగా మారిపోయిందా అన్నదే ఇక్కడి ప్రశ్న. అందుకే ఆ ఒక్క రసాయనాన్ని వెదికి కొలవకుండా, మొత్తం లెక్క చెప్పే ఆక్సిజన్‌నో కార్బన్‌నో కొలుస్తారు.

పరీక్ష ఇంత కఠినంగా ఎందుకు పెట్టారు?

కావాలనే. నిజమైన మురుగునీటి శుద్ధి కేంద్రంలో లీటరుకు కొన్ని గ్రాముల స్లడ్జ్ (సూక్ష్మజీవులతో నిండిన బురద) ఉంటుంది. ఈ పరీక్షలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. కొన్ని పద్ధతుల్లో అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ. పైగా ఆ సూక్ష్మజీవులకు మీ రసాయనం ముందుగా అలవాటై ఉండకూడదు. రసాయనం గాఢత మాత్రం నదుల్లో కనిపించేదానికన్నా చాలా ఎక్కువ. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా విచ్ఛిన్నమైందంటే, ఊరి మురుగులో, నదిలో అది నిలవదని ధైర్యంగా చెప్పవచ్చు.

దీని రెండో వైపును చాలామంది మరిచిపోతారు. పాస్ అనేది గట్టి మాట, ఫెయిల్ అనేది ఇంకా తేలని మాట. ఈ పరీక్షలో ఫెయిలైన ప్రతి రసాయనమూ పర్యావరణంలో ఏళ్లతరబడి నిలిచిపోతుందని అర్థం కాదు. పక్షపాతం లేని ఒక పరీక్ష పాసై, అంతే చెల్లుబాటున్న మరొకటి ఫెయిలైతే, సాధారణంగా పాసైన ఫలితానికే విలువ ఇస్తారు. అయితే రెంటిలో వాడిన స్లడ్జ్ ఎక్కడిదో చూశాకే.

ఆరు పద్ధతులున్నాయి కదా, ఏది ఎంచుకోవాలి?

రసాయనం స్వభావాన్ని బట్టి. ముందు మూడు విషయాలు తెలుసుకోండి: నీటిలో ఎంత కరుగుతుంది, ఆవిరైపోతుందా, గాజుకూ స్లడ్జ్‌కూ అంటుకుపోతుందా.

301ఏ, 301ఈ రెండూ నీటిలో కరిగిన సేంద్రియ కార్బన్ తగ్గుదలను కొలుస్తాయి. కరగని పదార్థానికీ, ఆవిరయ్యేదానికీ ఇవి పనికిరావు. స్లడ్జ్‌కు అంటుకునే పదార్థమైతే కార్బన్ నీటిలోంచి పోయి స్లడ్జ్‌లో కూర్చుంటుంది, మీరేమో అది విచ్ఛిన్నమైందనుకుంటారు. 301బి కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తుంది. కరగనివాటికీ అంటుకునేవాటికీ మంచిది. కానీ గాలి పారుతూ ఉండే పద్ధతి కాబట్టి ఆవిరయ్యేవి గాలితో పాటే వెళ్లిపోతాయి. 301సి జపాన్‌లో పుట్టిన మిటీ పద్ధతి. 10 చోట్ల నుంచి తెచ్చిన నమూనాలు కలిపి పెంచిన స్లడ్జ్ కావాలి, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. 301డి మూసివుంచిన సీసా పద్ధతి. ఆవిరయ్యే పదార్థానికి మొదట గుర్తుకు రావాల్సింది ఇదే. 301ఎఫ్ మూసిన పాత్రలో ఆక్సిజన్ వాడకాన్ని రోజూ నమోదు చేస్తుంది. కరగనివాటికి బాగుంటుంది, కొద్దిగా ఆవిరయ్యేవాటికీ ఫర్వాలేదు.

ఏ ప్రత్యేక ఇబ్బందీ లేని పదార్థమైతే మా సలహా 301ఎఫ్. విచ్ఛిన్నం రోజురోజుకూ ఎంత పెరిగిందో చూపే వక్రరేఖ దానంతటదే దొరుకుతుంది, మనిషి చేయి తక్కువ పడుతుంది. నత్రజని ఎక్కువగా ఉన్న అణువైతే 301బి మేలు. ఎందుకో కింద చెప్పాం. బాగా ఆవిరయ్యేదైతే 301డి గానీ, 2006లో వచ్చిన 310వ మార్గదర్శకం గానీ. సముద్రపు నీటికి 306 వేరుగా ఉంది.

పాస్ కావడానికి 60 శాతం, 70 శాతం ఎందుకు? 100 ఎందుకు కాదు?

సూక్ష్మజీవులు తిన్నదంతా కాల్చేయవు. కొంత కార్బన్‌తో తమ శరీరాలు కట్టుకుంటాయి. ఆ భాగం ఆక్సిజన్ లెక్కలోకీ, కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకీ రాదు. అందుకే ఆ రెండు కొలతలకు 60 శాతం గీత పెట్టారు. కరిగిన కార్బన్‌ను కొలిచేటప్పుడు శరీరంలోకి వెళ్లినదీ నీటిలోంచి పోయినట్టే లెక్కకు వస్తుంది కాబట్టి అక్కడ గీత 70 శాతం. 60 దాటినదాన్ని అణువు దాదాపు పూర్తిగా ఖర్చయినట్టుగానే చూస్తారు.

10 రోజుల విండో అంటే?

విచ్ఛిన్నం 10 శాతానికి చేరిన రోజు నుంచి 10 రోజుల్లోపు పాస్ గీత దాటాలి. ఆ 10 రోజులూ 28 రోజుల లోపలే ముగియాలి. 4వ రోజు 10 శాతం వచ్చిందనుకోండి, 14వ రోజుకల్లా 60 రావాలి. 18వ రోజుకు 60, 28వ రోజుకు 75 వస్తే సంఖ్య బాగానే కనిపించినా విండో తప్పినట్టే. నివేదికలో ఆ సంగతి విడిగా రాయాలి.

మిటీ పద్ధతికి ఈ విండో లేదు. మూసిన సీసా పద్ధతిలో సీసాలు మరీ ఎక్కువైపోతాయనుకుంటే 14 రోజుల విండో ఒప్పుకుంటారు. గొలుసు పొడవుల్లో మాత్రమే తేడా ఉన్న అణువుల మిశ్రమాలకు, ముఖ్యంగా సబ్బు, డిటర్జెంట్ పదార్థాలకు, విండోను వర్తింపజేయరు. ఒక పొడవు అణువు అయిపోయాక మరొకటి మొదలవుతుంది కాబట్టి వక్రరేఖ మెట్లు మెట్లుగా సాగడం సహజం.

విండోను పట్టుకోవాలంటే కొలతలు దగ్గర దగ్గరగా ఉండాలి. 7, 14, 21, 28 రోజుల్లో మాత్రమే కొలిచిన ప్రయోగంలో 10 శాతం ఎప్పుడు దాటిందో చెప్పడం కుదరదు. ఆ ఒక్క కారణంతో మంచి ఫలితాలు వృథా అవుతుంటాయి.

స్లడ్జ్ ఎక్కడి నుంచి తేవాలి?

ఇళ్ల మురుగే ఎక్కువగా వచ్చే శుద్ధి కేంద్రం నుంచి. ఫలితం సగం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి.

కంపెనీలు తరచూ తమ సొంత ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థజల శుద్ధి కేంద్రం) స్లడ్జ్‌ను పంపుతాయి. దగ్గరలో ఉంటుంది, ఖర్చు లేదు. కానీ ఆ సూక్ష్మజీవులు ఆ ఫ్యాక్టరీ రసాయనాలను నెలల తరబడి తిని అలవాటు పడ్డవి. వాటితో పాసైన ఫలితం ఈ పరీక్షలో చెల్లదు. అలవాటు పడ్డ స్లడ్జ్‌కు 301లో చోటు లేదు.

పారిశ్రామికవాడల ఉమ్మడి శుద్ధి కేంద్రాల స్లడ్జ్‌తో ఇబ్బంది ఇంకో రకం. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని చూపింది. అలాంటి నీటిలో బతికే సూక్ష్మజీవుల సమూహాన్ని మామూలు నదికి ప్రతినిధిగా తీసుకోలేం. హైదరాబాద్ అయినా విశాఖ అయినా, ఎస్‌టీపీని (మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని) ఎంచుకునే ముందు అక్కడికొచ్చే నాలాలో పరిశ్రమల నీరు కలుస్తుందేమో కనుక్కోండి. అపార్ట్‌మెంట్ సముదాయాల చిన్న ఎస్‌టీపీలు ఇళ్ల మురుగుతోనే నడుస్తాయి కాబట్టి పనికొస్తాయి. కానీ ముందురోజు బ్లీచింగ్ పౌడరో, ఫినాయిలో ఎక్కువగా పోయలేదని అడిగి తెలుసుకున్నాకే తీసుకోండి.

ఏరేషన్ ట్యాంకు (గాలి పంపే తొట్టి) నుంచి తీయండి. అడుగున నల్లబడి, కుళ్లు వాసన కొట్టే స్లడ్జ్ వద్దు. డబ్బాను మూడొంతులే నింపి పైన గాలి వదలండి. మన ఎండల్లో మూత బిగించిన నిండు డబ్బాలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. ల్యాబ్‌కు రాగానే గాలి పెట్టండి. వీలైతే అదే రోజు వాడండి.

తెచ్చాక ఎలా సిద్ధం చేయాలి?

ముతక చెత్తను సన్నని జల్లెడతో తీసేసి, తేరనిచ్చి గానీ సెంట్రిఫ్యూజ్‌లో 1,100 జీ (గురుత్వాకర్షణకు 1,100 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పి గానీ పైనీరు పారబోయండి. లవణాల ద్రావణంతో కడిగి, లీటరుకు 3 నుంచి 5 గ్రాముల ఘనపదార్థం ఉండేలా మళ్లీ కలపండి. కొలిచిన పరిమాణాన్ని వడకట్టి, 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూచితే ఘనపదార్థం ఎంతుందో తెలుస్తుంది. లీటరుకు 4 గ్రాములు ఉందనుకుంటే, 3 లీటర్ల ఫ్లాస్కులో లీటరుకు 30 మిల్లీగ్రాములు రావడానికి 22.5 మిల్లీలీటర్లు సరిపోతుంది.

బ్లాంక్‌లో, అంటే రసాయనం లేకుండా స్లడ్జ్ మాత్రమే ఉంచిన ఫ్లాస్కులో, సూక్ష్మజీవుల శ్వాస ఎక్కువగా ఉంటే, రసాయనం కలపకుండా ఆ స్లడ్జ్‌ను లవణాల ద్రావణంలో పరీక్ష ఉష్ణోగ్రత దగ్గరే 5 నుంచి 7 రోజులు గాలి పెడుతూ ఉంచండి. తనలో మిగిలిన ఆహారాన్ని అది ఖర్చు చేసుకుంటుంది, బ్లాంక్ దిగుతుంది. ఇది అనుమతి ఉన్న పనే. ఈ దశలో పరీక్షించాల్సిన రసాయనం ఒక్క చుక్క కలిపినా అది అలవాటు చేయడమే అవుతుంది.

లవణాల ద్రావణం కొలతలు చెప్పండి.

నాలుగు స్టాక్ ద్రావణాలు. మొదటిది ఒక లీటరుకు: పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 8.50 గ్రా., డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 21.75 గ్రా., డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ డైహైడ్రేట్ 33.40 గ్రా., అమ్మోనియం క్లోరైడ్ 0.50 గ్రా. పీహెచ్ 7.4 రావాలి. రెండోది నీరులేని కాల్షియం క్లోరైడ్ 27.50 గ్రా., లేదా డైహైడ్రేట్ అయితే 36.40 గ్రా. మూడోది మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 22.50 గ్రా. నాలుగోది ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.25 గ్రా. ఈ చివరిది నిల్వ ఉంచేటట్లయితే ఒక చుక్క గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి, లేకపోతే ఇనుము తుప్పు రంగులో అడుగున దిగిపోతుంది.

వాడేటప్పుడు 800 మిల్లీలీటర్ల నీటిలో మొదటిది 10 మిల్లీలీటర్లు కలిపాక, మిగతా మూడూ ఒక్కొక్క మిల్లీలీటరు వేసి లీటరుకు నింపాలి. ఈ వరస మార్చవద్దు. పలచబడని ఫాస్ఫేట్‌లోకి కాల్షియం నేరుగా పోస్తే తెల్లగా అవక్షేపం పడుతుంది. మూసిన సీసా పద్ధతికి మాత్రం నాలుగూ ఒక్కొక్క మిల్లీలీటరే.

మామూలుగా జరిగే తప్పు ఒకటుంది. డైసోడియం ఫాస్ఫేట్ మన దుకాణాల్లో డోడెకాహైడ్రేట్ రూపంలోనూ దొరుకుతుంది. అదే మీ దగ్గరుంటే 33.40 కాదు, 67.2 గ్రాములు తూచాలి. సీసా మీది పేరు చదవకుండా తూస్తే పీహెచ్ కుదరదు, బఫర్ బలం తగ్గుతుంది. ఇక వాడే నీటిలోని సేంద్రియ కార్బన్, మీ రసాయనం ద్వారా చేరే కార్బన్‌లో 10 శాతం మించకూడదు. ప్రయోగమంతటికీ ఒకే విడత నీరు వాడండి.

కనీసం ఎన్ని ఫ్లాస్కులు పెట్టాలి?

రసాయనం, స్లడ్జ్ కలిసినవి రెండు. స్లడ్జ్ మాత్రమే ఉన్న బ్లాంకులు రెండు. తెలిసిన పదార్థం వేసిన రిఫరెన్స్ ఫ్లాస్కు ఒకటి. వీటికి తోడు రసాయనం, రిఫరెన్స్ రెండూ కలిపిన విషప్రభావ ఫ్లాస్కు ఒకటి పెట్టండి. అది తప్పనిసరి కాకపోయినా మానవద్దు. సూక్ష్మజీవులు లేకుండానే రసాయనం నీటితో విడిపోతుందన్న అనుమానముంటే క్రిములు చంపిన ఫ్లాస్కు మరొకటి.

రిఫరెన్స్‌గా అనిలిన్, సోడియం అసిటేట్, సోడియం బెంజోయేట్ వాడవచ్చు. అనిలిన్‌ను అప్పుడే స్వేదనం (డిస్టిల్) చేసి వాడాలి, నిలవున్నది నల్లబడుతుంది. బెంజోయేట్‌తో ఆ బాధ లేదు.

301బి ఎలా నడపాలి, లెక్క ఎలా వేయాలి?

5 లీటర్ల ఫ్లాస్కులో 3 లీటర్ల ద్రావణం, లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల కార్బన్ ఇచ్చేంత రసాయనం. కార్బన్ డయాక్సైడ్ తీసేసిన గాలి నిమిషానికి 30 నుంచి 100 మిల్లీలీటర్లు పోనివ్వాలి. బయటికొచ్చే గాలి వరసగా మూడు సీసాల్లోంచి పోతుంది. ఒక్కొక్కదానిలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే 0.0125 మోలార్ బేరియం హైడ్రాక్సైడ్ 100 మిల్లీలీటర్లు. ఫ్లాస్కుకు దగ్గరున్న సీసాను తీసి, ఫినాఫ్తలీన్‌తో, 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తారు, అంటే మిగిలిన హైడ్రాక్సైడ్‌కు ఎంత ఆమ్లం పడుతుందో కొలుస్తారు. మిగిలిన రెండూ ముందుకు జరుగుతాయి, చివర కొత్తది చేరుతుంది. మొదటి 10 రోజులూ రెండు మూడు రోజులకోసారి, తరువాత ఐదు రోజులకోసారి.

కార్బన్ డయాక్సైడ్ ఏమీ పీల్చుకోని సీసాకు 50 మిల్లీలీటర్ల ఆమ్లం పడుతుంది. అంతకన్నా తగ్గిన ప్రతి మిల్లీలీటరూ 1.1 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఒక్కో సీసా గరిష్ఠంగా 55 మిల్లీగ్రాములే పట్టుకోగలదు. వేగంగా తినేసే పదార్థానికి మూడో రోజు, నాలుగో రోజు మొదటి సీసా నిండిపోతుంది. రెండో సీసా తెల్లబడటం మొదలైందంటే టైట్రేషన్ ఆలస్యమవుతోందని అర్థం.

సోడియం బెంజోయేట్‌లో బరువులో 58.3 శాతం కార్బన్. లీటరుకు 20 మిల్లీగ్రాముల కార్బన్ కావాలంటే 34.3 మిల్లీగ్రాములు, 3 లీటర్లకు 103 మిల్లీగ్రాములు వేయాలి. కార్బన్ 60 మిల్లీగ్రాములు, దాన్ని 3.67తో గుణిస్తే రాగల గరిష్ఠ కార్బన్ డయాక్సైడ్ 220 మిల్లీగ్రాములు. చివరికి ఆ ఫ్లాస్కు 265, బ్లాంక్ 75 ఇచ్చాయనుకుంటే, తేడా 190. అంటే దాదాపు 86 శాతం.

బ్లాంక్ పరిమితి లీటరుకు 40 మిల్లీగ్రాములు. 3 లీటర్లకు అది 120. మీరు లీటరుకు 10 మిల్లీగ్రాముల కార్బనే వేస్తే గరిష్ఠంగా వచ్చేది 110. అంటే పరిమితిలోనే ఉన్న బ్లాంకు కూడా అసలు సంకేతాన్ని మించిపోగలదు. అందుకే రసాయనం విషపూరితం కాకపోతే 20 దగ్గరే ఉండటం మంచిది.

28వ రోజు ప్రతి ఫ్లాస్కులో ఒక మిల్లీలీటరు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, రాత్రంతా గాలి పోనిచ్చి, 29వ రోజు చివరి టైట్రేషన్ చేయాలి. పీహెచ్ 7.4 దగ్గర కార్బన్ డయాక్సైడ్ చాలావరకు బైకార్బనేట్‌గా నీటిలోనే దాగి ఉంటుంది. ఆమ్లం వేస్తేనే బయటికొస్తుంది. గీత దగ్గర తచ్చాడే పదార్థానికి ఈ ఒక్క అడుగు మరిచిపోతే ఫలితమే మారిపోతుంది.

రోజులు గడిచేకొద్దీ బ్లాంక్ విపరీతంగా పెరుగుతోంది. ఎందుకు?

301బిలో మొదట వచ్చే గాలిని అనుమానించండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడా లైమ్ అయిపోయి ఉండవచ్చు. ఫ్లాస్కుకు ముందు ఒక చిన్న బేరియం హైడ్రాక్సైడ్ సీసా పెడితే అది తెల్లబడగానే తెలిసిపోతుంది. తరువాత స్లడ్జ్ సరిగా కడగలేదేమో చూడండి. టైట్రేషన్ సమయంలో మూత తీసి ఉంచినా గదిలోని గాలి కలుస్తుంది.

301ఎఫ్‌లో సైద్ధాంతిక ఆక్సిజన్ అవసరాన్ని ఎలా లెక్కించాలి?

అణువు పూర్తిగా కాలితే ఎంత ఆక్సిజన్ కావాలో ఫార్ములా నుంచి లెక్కిస్తాం. సోడియం బెంజోయేట్‌కు మిల్లీగ్రాముకు 1.67, సోడియం అసిటేట్‌కు 0.78 మిల్లీగ్రాముల ఆక్సిజన్. పాత్రలో లీటరుకు మొత్తం 50 నుంచి 100 మిల్లీగ్రాముల అవసరం ఉండేలా రసాయనం వేస్తారు.

నత్రజని ఉన్న అణువుల దగ్గర జాగ్రత్త. అనిలిన్‌లోని నత్రజని అమ్మోనియాగానే మిగిలితే అవసరం 2.41, నైట్రేట్ దాకా వెళితే 3.09. ఒక మిల్లీగ్రాము అనిలిన్‌కు 1.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చయిందనుకోండి. మొదటి లెక్కలో 62 శాతం, పాస్. రెండో లెక్కలో 49 శాతం, ఫెయిల్. ఏది నిజమో చెప్పాలంటే పరీక్ష చివర నైట్రైట్, నైట్రేట్ కొలవాల్సిందే. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్ కావడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తీసుకుంటుంది. ఆ మొత్తాన్ని తీసేయాలి. ఈ చిక్కుముడి వద్దనుకుంటే 301బికి వెళ్లండి, కార్బన్ డయాక్సైడ్‌కు నత్రజనితో సంబంధం లేదు.

301ఎఫ్‌కు వాడే పీడనం కొలిచే పరికరంలో వక్రరేఖ రంపపు పళ్లలా వస్తోంది. ఏం జరిగింది?

ఉష్ణోగ్రత ఊగుతోంది. ఒక్క డిగ్రీ పెరిగితే పాత్రలోని పీడనం సుమారు 3.4 హెక్టోపాస్కల్స్ పెరుగుతుంది, ఆక్సిజన్ తిరిగి వస్తున్నట్టు చూపిస్తుంది. వేసవిలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ వేడెక్కితే ఇలాగే అవుతుంది. ఇంక్యుబేటర్‌ను యూపీఎస్‌కో జనరేటర్‌కో కలపండి, పరీక్షకు రెండు రోజుల ముందు నుంచే ఉష్ణోగ్రత లాగర్ పెట్టి చూడండి.

వక్రరేఖ హఠాత్తుగా చదునైతే రెండు కారణాలుంటాయి. మూత దగ్గర గాలి లీకవుతూ ఉండవచ్చు, లేదా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడా లైమ్ గానీ సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు గానీ తడిసి ముద్దై ఉండవచ్చు. రెండూ ఫలితాన్ని తక్కువ చేసి చూపిస్తాయి.

మూసిన సీసా పద్ధతిలో గాఢత అంత తక్కువెందుకు?

20 డిగ్రీల దగ్గర నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములే. ఉన్న బడ్జెట్ అంతే. అందుకే రసాయనం లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, శుద్ధి కేంద్రం నుంచి తేరి వచ్చిన నీరు లీటరుకు 5 మిల్లీలీటర్లకు మించకుండా వేస్తారు. ద్రావణానికి 20 నిమిషాలు గట్టిగా గాలి కొట్టి, సుమారు 20 గంటలు పరీక్ష ఉష్ణోగ్రత దగ్గర నిలవబెట్టాకే బీఓడీ (జీవ ఆక్సిజన్ అవసరం) కొలిచే సీసాలు నింపాలి. లేకపోతే అతిసంతృప్తమైన ఆక్సిజన్ బుడగలుగా బయటికొచ్చి లెక్క తప్పుతుంది. నింపేటప్పుడు గొట్టం సీసా అడుగు దాకా పెట్టండి, మూత కింద ఒక్క బుడగ కూడా ఉండకూడదు.

కొలిచిన సీసాను మళ్లీ వాడలేం కాబట్టి రసాయనానికి, బ్లాంక్‌కు, రిఫరెన్స్‌కు కనీసం పదేసి సీసాలు కావాలి. విండోను పట్టుకోవాలంటే దాదాపు రెట్టింపు. 28 రోజుల్లో బ్లాంక్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ వాడకూడదు, ఏ సీసాలోనూ ఆక్సిజన్ 0.5 కన్నా దిగకూడదు. ద్రావణంలోని అమ్మోనియం మొత్తం నైట్రేట్ అయితే అదొక్కటే 0.6 మిల్లీగ్రాములు లాగేస్తుంది. ఈ పద్ధతికి అమ్మోనియం కూడా ఉన్న ఫాస్ఫేట్ స్టాక్ పదోవంతే వేయమనడంలోని విలువ ఇక్కడ తెలుస్తుంది.

నీటిలో కరగని నూనెలాంటి పదార్థాన్ని ఎలా వేయాలి?

ఉపరితల వైశాల్యం పెంచాలి. అల్ట్రాసౌండ్‌తో చెదరగొట్టవచ్చు. లేదా త్వరగా ఆవిరయ్యే ద్రావకంలో కరిగించి, సిలికా జెల్ మీదో గాజు పలక మీదో పోసి, ద్రావకం పూర్తిగా పోయాక వేయవచ్చు. ద్రావకం కొంచెం మిగిలినా సూక్ష్మజీవులు దాన్నే ముందు తింటాయి. అదే సిలికా జెల్‌కు అదే ద్రావకం పట్టించి ఆరబెట్టిన బ్లాంక్ తప్పక ఉండాలి. ఎమల్సిఫైయర్ (నూనెను నీటిలో కలిపి ఉంచే పదార్థం) వాడితే అది విచ్ఛిన్నం కానిదీ, విషం కానిదీ అయి ఉండాలి. ఫ్లాస్కు గోడకు అంటుకున్న పొరను రోజూ కలుపుతూ దింపండి. ఏ పద్ధతిలో వేశారన్నది నివేదికలో రాయాలి, ఫలితం దానిమీద ఆధారపడుతుంది కాబట్టి.

పరీక్ష చెల్లదని ఎప్పుడంటారు?

రిఫరెన్స్ పదార్థం 14వ రోజుకల్లా పాస్ గీత దాటకపోతే. సమాంతర ఫ్లాస్కుల మధ్య తేడా, వక్రరేఖ చదునైన చోట గానీ విండో చివర గానీ, 20 శాతం దాటితే. బ్లాంక్ పరిమితి మించితే: 301బిలో లీటరుకు 40 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ మామూలు హద్దు, 70 దాటితే ప్రయోగాన్ని నిశితంగా పరిశీలించాలి. 301ఎఫ్‌లో 28 రోజులకు లీటరుకు 60 మిల్లీగ్రాముల ఆక్సిజన్. పీహెచ్ 6 నుంచి 8.5 దాటిపోయి, విచ్ఛిన్నం 60 శాతం లోపే ఉంటే తక్కువ గాఢతతో మళ్లీ చేయాలి.

ఫలితం సున్నా వచ్చింది. రసాయనం మొండిదా, విషమా?

విషప్రభావ ఫ్లాస్కును చూడండి. రసాయనం, బెంజోయేట్ కలిసిన ఆ ఫ్లాస్కులో 14 రోజులకు 25 శాతం కూడా రాకపోతే, కార్బన్ తగ్గుదల పద్ధతిలోనైతే 35 శాతం, మీ రసాయనం సూక్ష్మజీవులను అణచివేస్తోందని అనుకోవాలి. అప్పుడు గాఢత తగ్గించి మళ్లీ చేయడం న్యాయం. క్వాటర్నరీ అమ్మోనియం క్రిమిసంహారకాలకు మూసిన సీసా పద్ధతిని తరచూ ఎంచుకునేది అందుకే, అక్కడ గాఢత తక్కువ. బెంజోయేట్ హాయిగా ఖర్చయి, మీ రసాయనం ఒక్కటే మిగిలితే అది మొండిది. లోహాలను పట్టుకునే ఈడీటీఏ ఈ పరీక్షల్లో పాసవదు. పీఎఫ్‌ఓఏ వంటి ఫ్లోరిన్ రసాయనాలైతే అసలు కదలవు.

మా దగ్గర బీఓడీ, సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) లెక్కలున్నాయి. అవి చాలవా?

వేరే సమాచారమేదీ లేనప్పుడు, 5 రోజుల బీఓడీని సీఓడీతో భాగిస్తే 0.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే దాన్ని త్వరగా విచ్ఛిన్నమయ్యేదిగా లెక్కించడానికి రసాయనాల ప్రమాదాలను వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి జీహెచ్‌ఎస్ ఒప్పుకుంటుంది. కానీ మన దగ్గర కాలుష్య నియంత్రణ మండళ్లు అడిగేది 27 డిగ్రీల దగ్గర 3 రోజుల బీఓడీ. వ్యర్థజలానికి అది సరే. రసాయనాన్ని నమోదు చేయించడానికి 301 అడిగితే దీన్ని బదులుగా పెట్టలేరు.

మా ఉత్పత్తి మొత్తాన్ని ఒకేసారి పరీక్షించవచ్చా?

301 ఒకే పదార్థానికి తయారైంది. 80 శాతం సులువుగా విచ్ఛిన్నమయ్యే గ్లైకాల్, 10 శాతం మొండి పదార్థం, మిగతా నీరు ఉన్న ఉత్పత్తి 60 శాతం సులువుగా దాటేస్తుంది. ఆ 10 శాతం మాత్రం నదిలో మిగిలే ఉంటుంది. ప్రతి ముఖ్య భాగాన్నీ విడిగా పరీక్షించండి. గొలుసు పొడవులు మాత్రమే మారే సర్ఫాక్టెంట్ (సబ్బులా మురికి వదిలించే పదార్థం) మిశ్రమాలు దీనికి మినహాయింపు. ఐరోపా డిటర్జెంట్ల నియమావళి 648/2004 కూడా సర్ఫాక్టెంట్లను విండో లేకుండా 28 రోజుల్లో 60 శాతంతోనే చూసింది.

ఈ పరీక్ష పాసైతే ప్లాస్టిక్ సంచి మీద బయోడిగ్రేడబుల్ అని రాయవచ్చా?

లేదు. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు ఐఎస్/ఐఎస్ఓ 17088 వేరుగా ఉంది. అక్కడ వేడి కంపోస్ట్‌లో, 58 డిగ్రీల దగ్గర, 180 రోజుల్లోపు 90 శాతం చూస్తారు. ఒకదాని సర్టిఫికెట్ మరొకదానికి పనిచేయదు.

ఫెయిలైతే తరువాతి మెట్టు ఏమిటి?

302వ వరుస పరీక్షలు. 302బి, అంటే జాన్-వెలెన్స్ పద్ధతిలో, లీటరుకు 0.2 నుంచి 1 గ్రాము దాకా స్లడ్జ్ ఉంటుంది, సూక్ష్మజీవులకు బలం ఎక్కువ. అక్కడ 20 శాతం దాటితే స్వతహాగా విచ్ఛిన్నమయ్యే గుణం ఉందని, 70 దాటితే పూర్తిగా విచ్ఛిన్నం కాగలదని సూచన. అక్కడా కదలకపోతే నేలకు 307, అడుగు మట్టికి 308, నది నీటికి 309. ఇవి సాధారణంగా కార్బన్-14 గుర్తు పెట్టిన అణువుతో చేస్తారు. ఖర్చు, కాలం రెండూ చాలా ఎక్కువ. ఆ ఖర్చు పెట్టేముందు 301 ఫలితం నిజంగా చెల్లుతుందో, విషప్రభావం వల్ల పడిపోయిందో మరొకసారి చూసుకోండి.

ఐరోపాకు ఎగుమతి చేస్తున్నాం. ఏ ల్యాబ్‌లో చేయించాలి?

ఐరోపా రసాయనాల చట్టం రీచ్ కింద ఏడాదికి ఒక టన్ను, ఆపైన వెళ్లే సేంద్రియ పదార్థానికి ఈ సమాచారం అడుగుతారు. పరీక్ష జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతుల నియమాలు) ప్రకారం జరగాలి. భారతదేశంలో జీఎల్‌పీ ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కింది జాతీయ జీఎల్‌పీ సంస్థ. 2011 మార్చి 3 నుంచి భారత్ ఓఈసీడీ పరస్పర ఆమోద వ్యవస్థలో పూర్తి భాగస్వామి కాబట్టి ఇక్కడి జీఎల్‌పీ నివేదికను ఆ దేశాలు అంగీకరిస్తాయి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఒక్కటే ఉన్న ల్యాబ్ దీనికి సరిపోదు. ధ్రువపత్రం ఉన్నా, అందులో పర్యావరణ విచ్ఛిన్న పరీక్షలు చేరి ఉన్నాయో లేదో చూడండి.

నమూనాతో పాటు ల్యాబ్‌కు ఏమేం పంపాలి?

శుద్ధత శాతం, మలినాల వివరాలు, నిర్మాణ సూత్రం, నీటిలో కరిగే పరిమాణం, ఆవిరి పీడనం, ఆక్టనాల్-నీటి విభజన గుణకం (నీటితో పోలిస్తే కొవ్వులాంటి ద్రవంలోకి ఎంత చేరుతుందో చెప్పే సంఖ్య). సూక్ష్మజీవులపై విషప్రభావ సమాచారముంటే అది కూడా. ద్రావకంలో కలిపిన రూపం కాకుండా అసలు పదార్థాన్నే పంపండి. మెథనాల్‌లో కరిగించి పంపిన నమూనాలో పాసయ్యేది మెథనాలే. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, నిల్వ ఉష్ణోగ్రత సీసా మీద స్పష్టంగా ఉండాలి. అదే బ్యాచ్ నుంచి కొంత మీ దగ్గరా దాచి ఉంచండి. ఆరు నెలల తరువాత నియంత్రణ సంస్థ ప్రశ్న అడిగితే తిరిగి విశ్లేషించడానికి అదే కావాలి.